పొలిమేర అవతలి పని: రాణీ కుముదినీ దేవి స్మారకోపన్యాసం



గంగవరానికి మేయర్ లేరు. మనకున్నది సర్పంచ్. పక్కనున్న పలమనేరుకు, పుంగనూరుకు, మదనపల్లెకు, కుప్పానికి మున్సిపల్ ఛైర్మన్లు. మేయర్ అనే మాట వినాలంటే చిత్తూరో తిరుపతో పోవాలి. అట్లాంటి చోట, ఎక్కడో కృష్ణకు ఉత్తరాన ఉన్న వనపర్తి అనే చిన్న పట్నం కోడలు, హైదరాబాదుకు తొలి మహిళా మేయర్ అయిన రాణీ కుముదినీ దేవి గురించి మాట్లాడమన్నారు. ఆమెకూ మనకూ ఏం సంబంధమని నిర్వాహకులను అడిగాను. "ఆ సంబంధం కనుక్కోవడానికే కదా మిమ్మల్ని పిలిచింది" అన్నారు. కనుక్కున్నానో లేదో చివర్లో మీరే చెప్పాలి.

ముందు ఒక చింతచెట్టు సంగతి చెబుతాను.

నా చిన్నప్పుడు మా ఊరి బయట, సంతకు పోయే దారిలో, చింతచెట్టు కింద ఒక మనిషి ఉండేవాడు. చేతివేళ్లు సగానికి అరిగిపోయినవి. "ఆయనకు పెద్దరోగం, ఆ పక్కకు పోవద్దు" అనేవాళ్లు ఇంట్లో. కుష్ఠు అనే మాట పలకడానికి కూడా భయపడి దానికి పెద్దరోగమని పేరు పెట్టుకున్నాం. మా అమ్మ దయగల మనిషి. సంగటి మిగిలితే తీసుకుపోయి పెట్టేది. అయితే ముద్దను పైనుంచే సత్తు గిన్నెలో జారవిడిచేది, మజ్జిగ మూరెడు ఎత్తునుంచి పోసేది. గిన్నెకు గిన్నె తగలకూడదు. ఊళ్లోకి కరెంటు వచ్చినప్పుడు వీధిదీపాల స్తంభాలు నాటారు. ఆఖరి స్తంభం ఆ చెట్టుకు చాలా ఇవతలే ఆగింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అక్కడితో ఊరు అయిపోయింది కాబట్టి ఆగింది, అంతే.

కుముదినీ దేవి గురించి చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ స్తంభం.

మదనపల్లె నుంచి మొదలైన దారి

ఆడవాళ్లు పాలనలోకి వచ్చిన కథను మనవాళ్లు సాధారణంగా ఢిల్లీ నుంచి మొదలుపెడతారు. నేను మదనపల్లె నుంచి మొదలుపెడతాను. అనీబిసెంట్ పేరు మీదున్న దివ్యజ్ఞాన కళాశాల మనందరికీ తెలుసు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి పిల్లలు కూడా చెబుతారు. ఆ పాటకు స్వరం రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ మహిళ. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ ఆ కళాశాలలో పనిచేశారు. స్వరం దగ్గరే మనం ఆగిపోతాం. ఆమె చేసిన రెండో పనిని మరిచిపోతాం.

ఐర్లండులో ఆడవాళ్ల ఓటు కోసం పోరాడి జైలుకు వెళ్లి వచ్చిన మనిషి ఆమె. 1917లో అడయారులో అనీబిసెంట్, డరొతీ జినరాజదాస వంటివారితో కలిసి భారత మహిళా సంఘాన్ని ఏర్పరిచారు. అదే ఏడాది డిసెంబరులో భారత వ్యవహారాల మంత్రి మాంటెగు మద్రాసు వచ్చినప్పుడు, సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళలు ఆయన్ను కలిసి ఓటు హక్కు అడిగారు. ఆ ప్రతినిధి బృందం వెనక కజిన్స్ శ్రమ ఉంది. 1921లో మద్రాసు శాసనమండలి ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్న కొద్దిమందికే అనుకోండి, కానీ తలుపు అక్కడ తెరుచుకుంది. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. కాబట్టి ఆ ఓటు మన అవ్వలలో కొందరికి కూడా వచ్చింది.

ఓటు నుంచి నగర పీఠం దాకా రావడానికి ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది. 1956లో బొంబాయికి సులోచనా మోదీ, 1957లో మద్రాసుకు తారా చెరియన్, 1958లో ఢిల్లీకి అరుణా అసఫ్ అలీ మేయర్లయ్యారు. 1962లో హైదరాబాదు వంతు వచ్చింది. అప్పుడు ఆ పీఠం మీద కూర్చున్నది కుముదినీ దేవి.

రాజ్యం పోయాక రాణి

ఆమె 1911 జనవరి 23న వరంగల్లు దగ్గర వడ్డేపల్లిలో పుట్టారు. తండ్రి పింగళి వెంకటరామారెడ్డి నిజాం రాజ్యంలో ఉపప్రధాని స్థాయిదాకా ఎదిగినవారు. హనుమకొండ వడ్డేపల్లిలో ఇవాళ పింగళి పేరుతో ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది. వనపర్తి సంస్థానానికి చెందిన రాజా రామదేవరావును పెళ్లాడి ఆమె రాణి అయ్యారు.

పుంగనూరు జమీందారీ కోట చూసినవాళ్లకు సంస్థానమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు వంటివి నిజాం కింద కప్పం కడుతూ సొంత దర్బారులు నడుపుకున్న సంస్థానాలు. మన వైపు జమీందారీలను 1948 నాటి మద్రాసు చట్టం రద్దు చేసింది. అవతల హైదరాబాదులో పోలీసు చర్య తర్వాత 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఏడాది తేడాతో పుంగనూరులోనూ వనపర్తిలోనూ ఒకే రకం పొద్దు గుంకింది.

అప్పుడు రాజకుటుంబాల ముందు రెండు దారులున్నాయి. కోట గోడల మధ్య కూర్చుని పాత రోజులు తలుచుకోవడం ఒకటి. బయటికి వచ్చి జనం మధ్య ఏదో ఒక పని వెతుక్కోవడం రెండోది. వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. దర్బారు జరిగిన చోట పిల్లలు ఇంజనీరింగు డ్రాయింగు నేర్చుకున్నారు. కుముదినీ దేవి కూడా రెండో దారే పట్టారు. కాంగ్రెసు తరఫున 1962లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికై, 1972 దాకా సభ్యురాలిగా ఉన్నారు.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆమెకు ఇంటిపేరు ఉంది, చదువు ఉంది, వెనక సంస్థానం ఉంది. కూలికి పోయే ఇంట్లో పుట్టి ఉంటే 1962లో ఆ కుర్చీ దాకా వచ్చేవారా? రాగలిగేవారు కాదు. తొలి మహిళ అనే మాటను పూలదండలా వేసి వదిలేస్తే ఈ సంగతి మరుగునపడిపోతుంది. కలిమి ఆమెకు తలుపు తీసింది, నిజం. అదే కలిమి ఉన్నవాళ్లు ఆ రోజుల్లో ఇంకా ఎందరో ఉన్నారు. వాళ్లలో కుష్ఠు రోగుల దగ్గరికి నడిచి వెళ్లినవాళ్లు ఎందరు? ఆమెను కొలవాల్సింది ఆ నడకతో.

మేయర్ అంటే ఎవరు?

హైదరాబాదులో మున్సిపల్ వ్యవస్థ 1869లో, సాలార్‌జంగ్ కాలంలో మొదలైంది. ఎన్నికైన పాలకవర్గానికి తొలి మేయర్ మాడపాటి హనుమంతరావు. 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల నెలకొల్పినవారు ఆయనే. ఆడపిల్లలకు బడి కట్టిన మనిషి కూర్చున్న కుర్చీలో పదేళ్లకు ఒక ఆడమనిషి వచ్చి కూర్చోవడం నాకు చాలా సహజంగా తోస్తుంది. 1960లో హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. అట్లా రెండు ఊళ్లు కలిసిన కొత్త నగరానికి ఆమె మేయర్ అయ్యారు. కొద్ది ఏళ్లకే, 1965లో, సరోజినీ పుల్లారెడ్డి కూడా ఆ పదవిలోకి వచ్చారు.

అధికారమంతా మేయర్ చేతిలో ఉంటుందని మనం అనుకుంటాం. కాదు. బిల్లుల మీద సంతకం, ఉద్యోగుల మీద అదుపు కమిషనర్‌వి. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, అజెండాలో ఏ అంశం ముందుకు రావాలో, ఏ వార్డు గొంతు వినబడాలో చూస్తారు. అప్పట్లో పదవీకాలం కూడా ఒక్క ఏడాదే. నాలాల వరసలు కంఠతా వచ్చేలోపు దిగిపోవాలి. సంతకం బలం తక్కువ, మాట బలం ఎక్కువ అయిన పదవి అది. ఆ మాటకు బరువు రావాలంటే ఆ మనిషి అంతకుముందే ఏదో ఒక పని చేసి ఉండాలి.

ఆమె చేసి ఉన్నారు. మేయర్ కావడానికి నాలుగేళ్ల ముందే.

కూకట్‌పల్లి

1958లో కుముదినీ దేవి కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద రిహాబిలిటేషన్ హోమ్ స్థాపించారు. రిషీకేశ్‌లోని స్వామి శివానంద ఆమె గురువు. ఆయన సన్యాసం తీసుకోకముందు మలయాలో డాక్టరు, మన తమిళనాట పుట్టినవారు. మందు తెలిసిన సన్యాసి పేరు పెట్టడంలోనే ఆమె ఉద్దేశం కనిపిస్తుంది.

పేరులో ఇంకో విశేషం ఉంది. శరణాలయం అనలేదు, ఆశ్రమం అనలేదు, కాలనీ అనలేదు. రిహాబిలిటేషన్ అన్నారు, అంటే పునరావాసం. శరణాలయానికి లోపలికి వెళ్లే గేటు ఒక్కటుంటే చాలు. పునరావాస కేంద్రానికి బయటికి వెళ్లే గేటు కూడా కావాలి. జబ్బు నయమైన మనిషి మళ్లీ పని చేసుకుని, మళ్లీ ఊళ్లోకి పోవాలి. 1958లో ఆ ఊహే పెద్ద సాహసం.

ఎందుకు సాహసమో చెప్పాలంటే జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి. కుష్ఠు క్రిమిని 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టాడు. క్షయ క్రిమిని 1882లో కాక్ కనిపెట్టాడు. రెండూ ఒకే కుటుంబపు క్రిములు, ఒక విధంగా అన్నదమ్ములు. కుష్ఠు క్రిమి బహు నెమ్మదైనది. ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా. ఎక్కువమందికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. అంటే మా అమ్మ మూరెడు ఎత్తునుంచి మజ్జిగ పోయాల్సిన అవసరమే లేదు.

ఆ క్రిమి వేళ్లను తినేయదు. నరాలను చంపుతుంది. స్పర్శ పోయాక పొయ్యి మీది గిన్నె కాలిందని చేతికి తెలియదు, కాల్లో ముల్లు దిగిందని కాలికి తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, అట్లా వేళ్లు పోతాయి. నొప్పి తెలియకపోవడమే ఆ జబ్బులో అసలు నష్టం. 1940లలో డాప్సోన్ మందు వచ్చింది. మన పక్కనే, వేలూరు ఆసుపత్రిలో, పాల్ బ్రాండ్ అనే డాక్టరు వంకరపోయిన వేళ్లను స్నాయువులు మార్చి కుట్టి మళ్లీ పనికి తెచ్చే శస్త్రచికిత్సకు దారి వేశాడు. వేలూరు దగ్గరి కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధనాలయమే వెలిసింది. నిజాం రాజ్యంలో అంతకుముందే, డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు కుష్ఠు ఆసుపత్రి నడిపారు. మందు వచ్చింది, కత్తి వచ్చింది. రానిది ఊరి మనసు. కుముదినీ దేవి చేయి పెట్టింది ఆ ఖాళీలో.

చట్టం కూడా ఊరి మనసులాగే ఉండేది. బ్రిటిషువాళ్లు 1898లో చేసిన చట్టం ప్రకారం రోడ్డు మీద కనబడిన బీద కుష్ఠు రోగిని పోలీసులు పట్టుకుపోవచ్చు. ఆ చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది ఎప్పుడనుకుంటున్నారు? 2016లో. ఇంకొకటి వినండి. ఒరిస్సాలో కుష్ఠు ఉందన్న కారణంతో మున్సిపల్ పదవికి అనర్హుడైన ఒక వ్యక్తి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. చట్టంలోని ఆ అనర్హత చెల్లుతుందని కోర్టు 2008లో తీర్పు చెప్పింది. అప్పటికి కుష్ఠుకు మందులు వచ్చి ఎన్నేళ్లు! దేశంలో అది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రభుత్వం ప్రకటించి కూడా మూడేళ్లు.

ఇప్పుడు 1962 నాటి దృశ్యాన్ని మళ్లీ ఊహించుకోండి. ఈ దేశంలోని మున్సిపల్ చట్టాలు ఏ మనుషులను కౌన్సిల్ గడప తొక్కనివ్వలేదో, ఆ మనుషుల మధ్య నుంచి లేచి వచ్చిన ఆడమనిషి మేయర్ కుర్చీలో కూర్చుంది. వాళ్ల గొంతు ఆ సభలోకి రావడానికి ఇంకో దారి లేదు.

ఆరోగ్యవరం పక్క నుంచి

మదనపల్లె వాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. కుష్ఠుకు అన్నయ్య అయిన క్షయను మనం ఇంకా దగ్గర నుంచి చూశాం. 1915లో మదనపల్లె బయట కట్టిన సానిటోరియం చుట్టూ వెలిసిన ఊరే ఆరోగ్యవరం. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దానికి ప్రాణం పోశారు. 1948లో బీసీజీ టీకా ఈ దేశంలో ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అదే టీకా కుష్ఠు నుంచి కూడా కొంత రక్షణ ఇస్తుందని తర్వాత తేలింది. అటు కూకట్‌పల్లి హోమ్ కూడా తర్వాతి కాలంలో క్షయ రోగులకు వైద్యం చేసింది. ఒకే కుటుంబపు రెండు క్రిములతో, ఒకే రకం భయంతో, ఈ రెండు చోట్లా పని జరిగింది. నిర్వాహకులు కనుక్కోమన్న సంబంధం నాకు ఇక్కడ దొరికింది.

రెండింటినీ ఊరికి దూరంగానే కట్టారు. సానిటోరియానికి గాలి కావాలి కాబట్టి దూరం అవసరం. కుష్ఠు ఆశ్రమాలను మాత్రం ఊరు భరించలేక దూరం పెట్టింది.

పదవి ఒక ఏడాది, పని యాభై ఏళ్లు

మేయర్ పదవి వచ్చింది, పోయింది. శాసనసభ్యత్వం 1972తో ముగిసింది. హోమ్ పని మాత్రం ముగియలేదు. 2009 ఆగస్టు 6న, 98 ఏళ్ల వయసులో, ఆమె కన్నుమూసే నాటికి ఆ సంస్థ పెట్టి 51 ఏళ్లు. 1958లో మాత్రలు ఏళ్ల తరబడి మింగాల్సి వచ్చేది. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక క్రమంగా అది ఆర్నెల్లలో, ఏడాదిలో నయమయ్యే జబ్బుగా మారింది. ఆ మార్పంతా తను నాటిన చెట్టు కింద నుంచే ఆమె చూశారు.

ఇవాళ ఆడవాళ్లు పదవిలోకి రావడానికి రాజకుటుంబం అక్కరలేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు మహిళలకు కేటాయించింది. మన రాష్ట్రంలో అది సగానికి చేరింది. అయినా ఒక సభలో నా కళ్లతో చూసింది చెబుతాను. ఏ ఊరో చెప్పను. ఎన్నికైనావిడ వరస చివరి కుర్చీలో కూర్చుంది. ఆమె భర్త నడిమి కుర్చీలో కూర్చుని దండ వేయించుకున్నాడు. ఫోటో తీసే అబ్బాయి కూడా ఆయన్నే నవ్వమన్నాడు. చట్టం కుర్చీ ఇచ్చింది. కుర్చీలో కూర్చోనివ్వడం ఇంటివాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

కొన్నిసార్లు ఆ కుర్చీ ప్రాణమే తీస్తుంది. మన చిత్తూరు నగరపాలక సంస్థ తొలి మేయర్ ఒక మహిళే, కఠారి అనురాధ. 2015 నవంబరు 17న కార్పొరేషన్ కార్యాలయంలోనే ఆమెను చంపేశారు. పార్టీలూ పంతాలూ పక్కన పెట్టి, ప్రజలు ఎన్నుకున్న ఆడమనిషిని ఆమె కూర్చున్న ఆఫీసులోనే చంపిన జిల్లా మనదని మనం ఒప్పుకోవాలి. తొలి మహిళల గురించి గర్వంగా చెప్పుకునే ఏ సభలోనైనా ఈ మాట కూడా చెప్పుకోవాలి.

స్తంభం ఎక్కడ ఆగింది?

ఆఖరుగా మళ్లీ కూకట్‌పల్లికి పోదాం. 1958లో అది హైదరాబాదు కాదు. బొంబాయి దారిలో ఉన్న ఒక ఊరు. నగరం ఎవరిని వద్దనుకుందో వాళ్లకు నీడ నగరం వెలుపలే దొరికింది. తర్వాత నగరం పెరిగింది. హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది, కూకట్‌పల్లి మున్సిపాలిటీ అయింది. 2007లో చుట్టుపక్కల మున్సిపాలిటీలతో పాటు దాన్నీ కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2017లో మెట్రో వచ్చింది. పొలిమేర అవతల పెట్టిన హోమ్ ఇవాళ నగరం లోపల ఉంది. రోగులను ఊళ్లోకి రానివ్వని ఊరు, తానే నడుచుకుంటూ వాళ్ల గడప దాకా వచ్చింది. ఆమె మేయర్‌గా ఉన్న ఊరే, ఆమె 98 ఏళ్ల నిండు జీవితం ముగిసేలోపు ఆ హోమ్‌ను తన పటంలో కలుపుకుంది. ఆమె దాన్ని కళ్లారా చూశారు.

పొలిమేర రాతి మీద చెక్కింది కాదు. అవతల ఎవరైనా పని మొదలుపెడితే అది ముందుకు జరుగుతుంది. ఎవరూ పెట్టకపోతే చింతచెట్టుకు ఇవతలే ఆగిపోతుంది.

మా ఊరి చెట్టు కింది మనిషి ఏమయ్యాడో చెప్పలేదు కదా. ఒక వానాకాలం తర్వాత అక్కడ కనబడలేదు. ఎటు పోయాడని అడిగినవాళ్లు లేరు. ఆయన పేరు నాకు తెలియదు. అన్నం పెట్టిన మా అమ్మకు కూడా తెలియదు. పేరు అడగాలని మాకు తోచనే లేదు. ఈ ఉపన్యాసం కుముదినీ దేవి పేరు మీద చేశాను గానీ, మనసులో ఆయన్నే తలుచుకుంటున్నాను.

ఈ సభలో వార్డు సభ్యులైన అక్కచెల్లెళ్లు కొందరున్నారని విన్నాను. మీకు నేను చెప్పదగ్గ పెద్ద మాటలేమీ లేవు. ఈ రాత్రి ఇళ్లకు పోతూ ఒక్కటి చూడండి. మీ ఊళ్లో ఆఖరి వీధిదీపం ఎక్కడ ఆగింది? దాని అవతల ఎవరైనా ఉన్నారా? ఉంటే, వాళ్ల పేరు అడిగి రాసుకోండి. వచ్చే పంచాయతీ సమావేశంలో ఆ పేరు చదవండి.